గుమ్మానికి కట్టిన పిలకలు

ఏళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. రెండు అరటి పిలకల సంగతి. మీరు నవ్వినా సరే, చెప్పేస్తాను.

ఆస్ట్రేలియాలో, కాన్‌బెర్రాలోని హారిసన్ పేటలో మేం అద్దెకున్నప్పుడు పక్కింటి శారద ఆంటీ పెరట్లో అరటి పెంచేవారు. ఈ చలిలో అరటేమిటని అందరూ ఆటపట్టించేవాళ్ళు. ఆవిడ పట్టించుకునేవారు కాదు. చలి మొదలవగానే చెట్టు చుట్టూ ఇనుప వల నిలబెట్టి, లోపల ఎండుగడ్డి దట్టించి, పైన పాత నేతచీర చుట్టేవారు. పసిబిడ్డకు స్వెట్టర్ తొడిగినంత ఓపిగ్గా. అంత శ్రద్ధ నాకు దేనిమీదా లేదు.

ఒక చలికాలం కూతురి పురిటికి సిడ్నీలోని టూంగాబీ వెళ్తూ చెట్టును నాకు అప్పగించారు. ఇక్కడ శ్రావణం చలికాలంలోనే వస్తుంది, ఆ శ్రావణంలోనే మా కొత్తింటి గృహప్రవేశం. గుమ్మానికి ప్లాస్టిక్ అరటి కట్టడానికి మనసొప్పలేదు. ఆవిడ దట్టించిన గడ్డి లాగేసి, తల్లిచెట్టు పక్కనున్న రెండు పిలకలూ నరికాను. హడావిడిలో గడ్డి మళ్ళీ పైపైనే కూరాను. ఎక్కడివని అడిగిన చుట్టాలకు సిడ్నీ నుంచి తెప్పించామన్నాను. వారం తిరక్కుండా తల్లిచెట్టు నల్లబడింది.

ఆంటీ తిరిగొచ్చారు. "పిలకలు ఫ్రాస్ట్‌కి కుళ్ళిపోయాయి ఆంటీ, తీసి పడేశాను," అన్నాను.

"నువ్వేం చేస్తావమ్మా. నేనే స్ట్రా టైట్‌గా ప్యాక్ చేసి వెళ్ళలేదు. ఫీలవ్వకు."

అని, కత్తి తెచ్చి నల్లటి బోదెను పైనుంచి చక్రాలుగా కోసుకుంటూ పోయారు. మోకాలి ఎత్తున ఇంకా ప్రాణమున్న తెల్లటి దూట కనబడగానే ఆవిడ ముఖం విప్పారింది. అక్కడ ఆపి, మళ్ళీ చీర చుట్టారు. ఆ మనిషిని చూసి నాకు ముచ్చటేసింది, సిగ్గూ వేసింది.

అప్పుడే ఎందుకు చెప్పలేదు? తిడతారనా? ఆవిడ తిట్టే మనిషి కాదు. నన్ను మంచిదాన్ననుకుంటున్న ఆ చూపు పోతుందని, అంతే.

చెట్టు చిగురించింది, తర్వాతి వేసవుల్లో ఒకసారి గెల కూడా వేసింది. ఇక్కడి ఎండ చాలక కాయలు పండవు కాబట్టి పచ్చివే కోసి అందరికీ పంచారు. కొత్తగా వచ్చిన మొదటి పిలక, అప్పట్లో బాధపడ్డానని, నాకే తెచ్చిచ్చారు. ఇప్పుడది మా పెరట్లో ఉంది. ప్రతి చలికాలం ఆవిడే వచ్చి దగ్గరుండి గడ్డి దట్టిస్తారు. గట్టిగా కూరమ్మా, నాలాగా వదులుగా కాదు అంటారు ప్రతిసారీ.

ఆవిడ ముందు నోరు పెగలడం లేదు. మీ దగ్గరైనా అనేస్తే గుండె కాస్త తేలికపడుతుంది.

మీరు గట్టిగానే దట్టించారు ఆంటీ. విప్పింది నేను.