తాత వేసిన ఒట్టు

నా చిన్నప్పుడు నా నోట్లో నువ్వుగింజ నానేది కాదు. ఎవరింట్లో ఏం వండారో, ఎవరు ఎవరితో మాటలు మానేశారో, అన్నీ నా వల్లే వీధికి తెలిసేవి. చెల్లెలు కడుపులో ఉండగా అమ్మ పురిటికని నన్ను వెంటబెట్టుకుని పట్నం నుంచి పుట్టింటికి వచ్చింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. వచ్చిన నాలుగు రోజుల్లోనే అమ్మమ్మకూ పక్కింటావిడకూ జగడం పెట్టేశాను. రెండో జగడం రాకముందే నన్ను ఇల్లు దాటించాలని అమ్మమ్మ పట్టుబట్టింది. అలా నేను మా తాత మంద వెంట పోయాను.

మా తాతవి గొర్రెలు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న మా నడిగడ్డలో, జొన్న కోతలయ్యాక రైతులు మందను పిలిచి తమ చేలలో పడుకోబెట్టుకునేవారు. చేనుకు ఎరువు, మాకు గింజలు. వంటా పడకా అంతా చేనులోనే. ఆ ఏడు శివరాత్రి దాటిన వారం ఒక గుట్ట కింది చేనులో దిగాం. మూడు రాళ్ళ పొయ్యి, రెండు గొంగళ్ళు, రెండు కుక్కలు, గొర్రెల చుట్టూ వల. మొన్న నా మనవరాలు స్నేహితులతో అడవికి వెళ్ళి, గుడారంలో పడుకుని వచ్చి, ఫోన్లో ఒక నక్క తోక చూపించి మురిసిపోయింది. నేను లోపల నవ్వుకున్నాను. మాకు ఆ చేనులో పొద్దున లేస్తే కోసిన జొన్న కొయ్యకాళ్ళ మధ్య కృష్ణజింకలు ఎగిరేవి. సాయంత్రం గుంటనక్క మా రొట్టెల వాసనకు వచ్చి, కుక్కల్ని చూసి, ఏమీ ఎరగనట్టు పక్కకు నడిచిపోయేది.

మూడో రోజు తెల్లవారుతుండగా తాత నన్ను లేపాడు. మా వాసన అవతలికి పోకుండా గాలికి ఎదురుగా నడిపించి, గుట్ట వెనక ఒక బండ చాటున బోర్లా పడుకోమన్నాడు. ఎదురుగా వాగు గట్టులో ఒక బొరియ, దాని ముందు నాలుగు తోడేలు పిల్లలు. ఒకదాని చెవి ఒకటి పట్టి లాక్కుంటున్నాయి. తోడేలంటే ఏదో భయంకరంగా ఉంటుందనుకున్న నాకు, నిజం చెప్పొద్దూ, అవి మా కుక్కపిల్లల్లా కనిపించేసరికి కొంచెం నిరాశే కలిగింది. అంతలో తల్లి వచ్చింది. బక్కగా, పొడుగు కాళ్ళతో, ఎంతో దూరం నడిచి వచ్చినట్టుంది. పిల్లలు ఎగబడి దాని మూతి నాకాయి. అది తల వంచి, తిన్న మాంసమంతా వాటి ముందు కక్కేసింది. నేను నిర్ఘాంతపోయాను. ఛీ అనబోతుంటే తాత అరచేయి వచ్చి నా నోరు మూసింది. పిల్లలు ఆవురావురుమంటూ తింటుంటే తల్లి పక్కన కూర్చుని చూసింది. దాని డొక్కలు లోపలికి అంటుకుపోయి ఉన్నాయి.

తిరిగి వస్తూ, గొర్రెల్ని తినేదాన్ని ఎందుకు కొట్టవని అడిగాను.

"నా మందకు నేనున్న, కుక్కలున్నయ్. దాని పిల్లలకు అదొక్కతే ఉంది," అన్నాడు తాత. "ఈ సంగతి ఎవ్వలకు జెప్పకు బిడ్డా. జెప్పినవంటే తెల్లారేసరికి పొగ వెడ్తరు."

చెప్పనని చేతిలో చెయ్యేశాను. మనస్ఫూర్తిగానే వేశాను. ఆ మాట మధ్యాహ్నం దాకా నిలబడింది.

మధ్యాహ్నం చేను రైతు ఇంటికి మజ్జిగకు వెళ్ళాను. రైతు భార్య నా చేతిలో పల్లీలూ బెల్లం పెట్టి, పట్నం పిల్లకు నక్కను చూస్తే భయం కాలేదా అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "నక్కేంది, నేను తోడేలునే చూసిన. దాని నాలుగు పిల్లలను గూడ చూసిన," అన్నాను. అన్నం తింటున్న రైతు చెయ్యి ఆగిపోయింది. అంతకు వారం ముందే ఆయన రెండు మేకపిల్లల్ని తోడేలు ఎత్తుకుపోయిందట, నాకేం తెలుసు! ఎక్కడని అడిగితే తాతకు తెలుసన్నాను. అందరూ నా మాట అలా వింటుంటే నేల మీద కాళ్ళు నిలవలేదు.

మరునాడు పొద్దున్నే రైతు అయిదారుగురిని వెంటేసుకుని వచ్చాడు. గడ్డపారలు, గడ్డిమోపు, సంచెడు ఎండు మిరపకాయలు. బొరియలో మిరప పొగ పెట్టి, మూతికి రాళ్ళు కప్పేస్తారు.

"తాతా, తోడేలు బొరియ నీకు ఎరుకంట గద. నీ మనుమరాలు జెప్పింది," అన్నాడు రైతు.

తాత నా వైపు చూశాడు. ఆ చూపులో కోపమున్నా బాగుండేది.

రైతు నవ్వాడు. "లేకుంటే పిల్ల ఉత్తగ గొప్పలు గొట్టిందా? గట్లయితే జెప్పు, మేము ఎల్లిపోతం."

ఎంత తేలిక దారి! చిన్నపిల్ల, ఏదో వాగిందంటే చాలు. నేను అబద్ధాలకోరునని అనమని మనసులో దేవుళ్ళందరికీ మొక్కుతున్నాను.

"నా మనుమరాలు అబద్ధం జెప్పదు. నడువుండ్రి, చూపిస్త," అన్నాడు తాత.

ఏడుస్తూ వెనకాల నడిచాను. తాత గుట్ట వెనక్కి తిరగలేదు. చేలకు అడ్డంపడి ఇంకో దిక్కుకు, చాలా దూరం తీసుకెళ్ళాడు. అక్కడ ఒక పాత బొరియ, దాని ముందు కొరికిన ఎముకలు. అది ఎప్పుడో ఏదుపంది వదిలేసి పోయిన బొరియ. ఏదుపందికి ఎముకలు కొరికే అలవాటుందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. "గిదే," అన్నాడు తాత. నా ఏడుపు ఠక్కున ఆగిపోయింది. ఎముకల్ని చూసి మిగతావాళ్ళు కేకలేశారు. తాతే వంగి గడ్డి కూరాడు, తాతే మిరపకాయలు చల్లాడు. అందరం దగ్గి దగ్గి కళ్ళు తుడుచుకున్నాం కానీ లోపలి నుంచి చిన్న చప్పుడు కూడా రాలేదు.

రైతుకు అనుమానం వచ్చింది. "సప్పుడే లేదేంది తాతా? నిజంగ గిదేనా? మంద మీద ఒట్టెయ్యి."

మా వైపు గొర్రెల కాపరి మంద మీద ఒట్టు వేశాడంటే దానికి తిరుగులేదు. తప్పుడు ఒట్టు వేస్తే మంద మిగలదని అందరి నమ్మకం. మా తాత ఒట్టు మీద ఎన్నో తగాదాలు తెగాయి. పై ఊళ్ళ వాళ్ళు కూడా సాక్ష్యానికి ఆయన్నే పిలుచుకుపోయేవారు.

అందరం మంద దగ్గరికి తిరిగి వచ్చాం. తాత పెద్ద పొట్టేలు తల మీద చెయ్యి పెట్టాడు. "నా మంద మీద ఒట్టు. నేను జూసిన బొరియ గదే," అన్నాడు. మా తాత అబద్ధం ఆడాడు. అదీ మంద మీద చెయ్యి పెట్టి! వాళ్ళు తృప్తిగా వెళ్ళిపోయారు.

ఆ పూట తాత రొట్టె ముట్టలేదు. నేను అబద్ధం చెప్పానని అనొచ్చు కదా అని ఆయన కాళ్ళు పట్టుకుని ఏడ్చాను.

"నీకు తొమ్మిదేండ్లు. ఇప్పుడే అబద్ధాలదని పేరొస్తే ఎన్నేండ్లు మొయ్యాలె బిడ్డా? నేను ముసలోన్ని, మోస్త," అన్నాడు.

మంద చచ్చిపోతుందని రోజూ తెల్లవారగానే గొర్రెల్ని లెక్కపెట్టేదాన్ని. ఒక్కటీ చావలేదు. చేను విడిచే రోజున గుట్ట మీద తల్లి తోడేలు వెనక నాలుగు పిల్లలూ వరసగా పోతుంటే తాత చూపించాడు. అంతటితో ఆ కథ అయిపోయిందనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ సెలవులకు వెళ్ళి మంద వెంట ఉన్నాను. మంద దిగిన ఊళ్ళో ఎవరిదో వేరుశనగ చేను రాత్రికి రాత్రి గొర్రెలు మేసేశాయి. నింద మా మంద మీదికి వచ్చింది. మా గొర్రెలు ఆ రాత్రంతా వలలోనే ఉన్నాయి, వాటి పక్కనే పడుకున్నాను, నాకు తెలుసు. పెద్దమనుషులు కూడా పెద్దగా పట్టించుకోలేదు. "నీ ఒట్టు చాలు. మంద మీద చెయ్యెయ్యి, అయిపోతది," అన్నారు.

తాత తల వంచుకుని నిలబడ్డాడు. "ఒట్టు నేను ఎయ్య. ఏం దండుగ పడ్తదో జెప్పుండ్రి," అన్నాడు.

అందరూ నోళ్ళు తెరిచారు. ఒట్టు వెయ్యనన్నాడంటే తప్పు ఆయనదేనని వాళ్ళు అనుకోవడం నేను కళ్ళారా చూశాను. నేను లేచి అరవబోయాను. తాత నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. దండుగ కింద రెండు గొర్రెల్ని తోలుకుపోయారు.

దారిలో, మనం చెప్పేది నిజమే కదా, ఎందుకు వెయ్యలేదని వెక్కి వెక్కి అడిగాను.

"నిజమే బిడ్డా. కాని నా ఒట్టు ఒకసారి ఖర్చయింది. ఇగ చెల్లదు," అన్నాడు.

ఆయన పోయేదాకా ఆ ఊళ్ళో దొంగమేత మేపినవాడనే అన్నారు. కాదని చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే. చెబితే, ఆయన ఒట్టెందుకు వెయ్యలేదో కూడా చెప్పాలి. నా జన్మలో నేను దాచుకున్న మొదటి సంగతి అదే. ఆ తర్వాత చాలామంది తమ బాధలు నాకు చెప్పుకున్నారు, ఒక్కటీ నా నోరు దాటలేదు. ఈవిడది పెద్ద మనసంటారు. మనసు కాదు, భయం. నేను వాగిన నాలుగు మాటలకు ఇంకెవరో తల వంచుకోవాల్సి వస్తుందనే భయం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఇప్పుడు ఆ పెద్దమనుషులు లేరు, ఆ మందా లేదు. ఇక చెప్పొచ్చు. ఆ రాత్రి ఆ చేను మేసింది మా గొర్రెలు కావు.