కోటేశ్వరి గొంతు

2022. పల్లెల్లో మిరప మొదటి కోతలు నడుస్తున్నాయి. నేను గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. మా దగ్గరికి ఎక్కువగా మాటలు ఆలస్యమైన పిల్లలు, పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దవాళ్లు వస్తారు. ఆ రోజు వచ్చినామె ఆ రెండు రకాల్లోనూ లేదు.

పేరు కోటేశ్వరి. ముప్పై దాటి ఉంటుంది. అద్దంకి దగ్గర పల్లె. వెంట వాళ్ల వదిన నాగమణి వచ్చింది. ఏమిటి ఇబ్బంది అని అడిగితే కోటేశ్వరి నోరు తెరిచింది. పెదవులు కదిలాయి, గాలి వచ్చింది, శబ్దం మాత్రం రాలేదు. సంగతంతా నాగమణే చెప్పింది.

కోటేశ్వరి కోతల మేస్త్రి. ఆడకూలీలను కూడగట్టి, ఆటోల్లో చేలకు తీసుకెళ్లి, సాళ్లు పంచి, దగ్గరుండి పని చేయించేది. "ఈమె కేకేస్తే పక్క చేలో వాళ్లు కూడా నడుం వంచేవాళ్లండీ" అంది నాగమణి. ఆ గొంతంటేనే మొగుడికి గిట్టేది కాదు. ఆడది నలుగురిలో అరవడమేంటని కొట్టేవాడు. ఏళ్ల తరబడి ఓర్చుకుంది. ఒక రాత్రి అతను గొంతు పట్టుకుని గోడకు అదిమాడు. తెల్లారేసరికి అన్నగారింటికి వచ్చేసింది. కేసు పెట్టి, విడాకులు కోరింది. ఇక భయం లేదనుకున్న వారంలోనే మాట పోయింది.

"ఊళ్లో నాటకాలాడుతోందంటున్నారండీ. డాక్టరు గారేమో గొంతులో ఏమీ లేదంటున్నారు. ఏమీ లేకపోతే మాటెందుకు రాదండీ?"

ఈఎన్‌టీ డాక్టరు గొంతులోకి సన్నని కెమెరా పంపి చూశారు. దాన్ని లారింగోస్కోపీ అంటారు. మొగుడు నొక్కిన గాయం ఏదీ మిగల్లేదు, స్వరతంతువులు బాగానే ఉన్నాయి. నేను కోటేశ్వరిని ఒకసారి దగ్గమన్నాను. గట్టిగా, శబ్దంతో దగ్గింది.

"విన్నారా? అది మీ గొంతే. ఎక్కడికీ పోలేదు."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. దీన్ని ఫంక్షనల్ అఫోనియా అంటాం. తంతువులకు జబ్బేమీ ఉండదు, కానీ మాట్లాడబోయేసరికి అవి ఒకదానితో ఒకటి కలవవు. చాలాసార్లు దీని వెనక మనసుకు తగిలిన దెబ్బ ఉంటుంది. కావాలని చేసేది కాదు. ఈ ముక్క ఊళ్లో అందరికీ చెప్పమని నాగమణికి మరీ మరీ చెప్పాను.

దగ్గుతో మొదలుపెట్టాం. దగ్గు చివర సాగదీసి 'మ్మ్' అనడం, ఆ మూలుగులోంచి 'మా', ఆపైన చిన్న చిన్న మాటలు. కొన్ని వారాలకు గదిలో బొంగురుగా మాట్లాడసాగింది. అయితే బయట ఏ మగాడైనా గొంతు పెంచితే చాలు, మాట సగంలో తెగిపోయేది. మా సైకాలజిస్టు సుధ గారు ఆమెను విడిగా చూడటం మొదలుపెట్టారు. వాళ్లు ఏం మాట్లాడుకున్నారో నేనెప్పుడూ అడగలేదు. ఒకరోజు కోటేశ్వరే నాతో అంది.

"ఆ ఇంట్లో నోరు మూసుకుంటేనే దెబ్బ తప్పేది మేడమ్. ఇప్పుడు తెరవమంటే ఇది నమ్మట్లా" అంటూ గొంతు మీద చెయ్యి పెట్టుకుంది.

"సుధ గారేమంటున్నారు?"

"నమ్మేదాకా తొందరపెట్టొద్దన్నారు. ఆ రాత్రి సంగతి మొత్తం చెప్పానండీ ఆవిడకి. చెప్పాక నిద్ర పడుతోంది."

గదిలో వచ్చిన గొంతును బతుకులోకి దాటించడం మా పనిలో చివరి మెట్టు. జనరలైజేషన్ అంటాం. ఎక్కడ మాట్లాడాలని ఉందని అడిగాను. ఆలోచించకుండా "చేలో" అంది.

రెండో కోత నాటికి సుధ గారూ నేనూ వాళ్ల ఊరు వెళ్లాం. ఎర్రగా పండిన చేలో ముక్కులకు గుడ్డలు కట్టుకుని ఆడవాళ్లు కాయలు కోస్తున్నారు. కోటేశ్వరి గట్టు మీద నిలబడి పిలవబోయింది. గాలే వచ్చింది. ఇంకోసారి. అదీ అంతే. ఆమె ముఖం పాలిపోయింది. ఇవాళ్టికి చాలు అందామని నేను నోరు తెరవబోతున్నాను.

అంతలో ఒక ముసలామె పండుకాయతో పాటు పచ్చికాయ కూడా తెంపి ఒళ్లో వేసుకుంటోంది. కోటేశ్వరి చూసింది.

"ఓ సీతమ్మత్తా, పచ్చికాయ కోయమాక! కళ్లు కనపడట్లా?"

చేలో ఉన్న వాళ్లంతా లేచి నిలబడ్డారు. సీతమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, "వచ్చిందమ్మా నోరు. ఇక మన పని అయినట్టే" అంది. నవ్వులే నవ్వులు. నాగమణి గట్టు మీద కూలబడి ఏడ్చేసింది. కోటేశ్వరి మాత్రం మా వైపు చూడను కూడా చూడలేదు. చేలోకి దిగి సాళ్లు పంచుతోంది. ఇటు నుంచి అటు దాకా ఆమె గొంతే.

కోర్టులో సాక్ష్యం చెప్పిన రోజు ఫోన్ చేసింది.

"మొత్తం నేనే చెప్పా మేడమ్. ఆయన ఎదురుగానే నిలబడ్డాడు. మా లాయరు గారు కాస్త నెమ్మదిగా చెప్పమన్నారు. నేను గొంతు తగ్గించలా."

విడాకులు వచ్చాయి. ఇప్పుడు కోతల కాలంలో రెండు కూలీల ముఠాలు నడుపుతోంది.

అంతకుముందు ఏ రోగి వచ్చినా గొంతుతోనే మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు ముందుగా, మీ మాట ఎక్కడ వినపడాలని ఉందని అడుగుతాను. ఒకరు బడి అంటారు, ఒకరు కొట్టు అంటారు, ఒకామె అత్తగారి ముందు అంది. అక్కడికి ఎలా వెళ్లాలో ఇద్దరం కలిసి ఆలోచించుకుంటాం.