చప్పుడు లేని నిద్ర

టైలరమ్మ నిద్ర గురించి అత్తగారు ఇరుగుపొరుగుకు గొప్పగా చెప్పేది. "మా కోడలు పడుకుంటే పిల్లి పడుకున్నట్టే. పక్కలో ఉందో లేదో కూడా తెలీదు." ఎగతాళంతా ఆమె భర్త గురక మీదే. బస్సు నడిపే మనిషి, నిద్రలోనూ గేర్లు మారుస్తున్నాడనేవాళ్లు.

ఆమేమో పగలు మిషన్ మీదే తూలేది. ఒకసారి జాకెట్ చెయ్యి కుడుతూ కునుకు తీస్తే సూది గోట్లోంచి దిగింది.

"నీ గురకే దాన్ని నిద్రపోనివ్వట్లేదురా" అని అత్తగారు కొడుకును ఆసుపత్రికి, రాత్రంతా చేసే నిద్ర పరీక్షకు తోలింది. తోడుగా టైలరమ్మ వెళ్లింది.

తలకీ ఛాతీకీ వైర్లు అంటించుకుని అతను పడుకున్నాడు. ఆమె పక్క కుర్చీలో ఒరిగింది. తెల్లవారుతుండగా నర్సు ఆమె భుజం కుదిపింది.

"అమ్మా, మీకు ఊపిరి ఆగిపోతోంది. మూడుసార్లు చూశాను."

"గురక ఆయనదమ్మా" అంది టైలరమ్మ, నర్సు పొరబడిందనుకుని.

తర్వాత పరీక్షలన్నీ ఆమెకే. పుట్టుకతోనే మెదడు కింది కొస మెడలోకి జారి ఉందన్నాడు డాక్టరు. గట్టిగా నవ్వితే మెడ వెనక పోటు అందుకేనట. నిద్రలో ఊపిరి తీయమని చెప్పడం మెదడు మరిచిపోతోందట. ఆపరేషన్ సంగతి తర్వాత, ముందు గాలి ఊదే ఈ మాస్కు పెట్టుకోకుండా కళ్లు మూయొద్దన్నాడు.

వీధిలో అందరి కొలతలూ నోటికి చెప్పే తను, ఊపిరి మరిచిపోవడమేమిటి?

"మా అక్క కూడా ఇలాగే, చప్పుడు లేకుండా పడుకునేదండీ. నిద్రలోనే పోయింది. అదృష్టవంతురాలన్నారందరూ. దానికీ ఇదేనా?"

"చూడని మనిషి గురించి చెప్పలేనమ్మా."

రెండు రోజులు మాస్కు ముట్టలేదు. అక్క పోయిన రాత్రి పక్కన పడుకున్నది తనే. ఇది పెట్టుకుంటే, అది అదృష్టం కాదని ఒప్పుకున్నట్టేనా? తను వినలేకపోయినట్టా? వినడానికి చప్పుడే లేదు కదా?

మూడో మధ్యాహ్నం ఆమె తల మళ్లీ మిషన్ మీదికి వాలింది. భర్త లేపాడు.

"పెట్టుకుని పడుకోవే. అది బుస్సుమంటుంటే నాకు ధైర్యం."

"మీ గురకలో అది వినబడుతుందా?"

"నువ్వు లేచేదాకా నేను పడుకుంటేగా!"

నవ్వొచ్చింది. అలవాటుగా అరచేత్తో మెడ అదుముకుంది. పోటు తగ్గాక మాస్కు పట్టీని వేళ్లతో సాగదీసి చూసింది.

"వదులుగా ఉంది. ఒక కుట్టు పడాలి" అంటూ సూదిలో దారం ఎక్కించింది.