షవరు గోడకు అవతల

2014 జూన్‌లో మా టైల్సు కంపెనీ నన్ను ఫీల్డ్ టెక్నికల్ ఆఫీసరుగా విజయనగరం జిల్లాకు వేసింది. ఆ హోదా పేరు పూర్తిగా పలకాలంటే మధ్యలో ఒక గుక్క మంచినీళ్ళు కావాలి. పని మాత్రం ఒక్కటే. ఎవరింట్లోనైనా మా టైల్సు ఊడితే వెళ్ళి, తప్పు టైలుదా, సిమెంటుదా, మేస్త్రీదా తేల్చి రిపోర్టు రాయడం. నా పైన ఏరియా మేనేజరు, ఆయన పైన రీజనల్ మేనేజరు, ఆ పైన మబ్బులు. నా కింద ఒక మోటారు సైకిలు ఉండేది. అదీ నా మాట వినేది కాదు.

మొదటి ఫిర్యాదు గజపతినగరం నుంచి వచ్చింది. సత్తిబాబు అనే రైతు కొత్తగా కట్టించుకున్న బాత్రూంలో షవరు గోడ టైల్సు వదులైపోయాయి. నేను వెళ్ళేసరికి ఆరు నేల మీదున్నాయి. ఏడోది నా రాక కోసమే కాచుకున్నట్టు వచ్చి నా బూటు మీద పడింది.

"సూడండి సారూ, తానానికెల్తే తలకి హెల్మెట్టెట్టుకోవాలొస్తన్నాది!" అన్నాడు సత్తిబాబు. ఆయన తల్లి అప్పలనరసమ్మ గుమ్మంలో నిలబడి, నా వంకా నా సంచీలోని సుత్తి వంకా మార్చి మార్చి చూసింది.

పరీక్ష సులువే. టైలు మీద రూపాయి బిళ్ళతో కొడితే 'టక్' మంటే వెనక సిమెంటు నిండుగా పట్టినట్టు, 'డబ్' మంటే బోలు. మూడు గోడలు టక్కుమన్నాయి. షవరు గోడ పెళ్ళి డప్పులా మోగింది. రాలిన టైలును తిప్పి చూశాను. సిమెంటు టైలుకు గట్టిగానే అతుక్కుంది. దాన్ని అంటుకుని పాత నీలం సున్నం పొర గోడ నుంచి ఊడొచ్చింది. పాత గోడ మీద ముందుగా ఉలితో గాట్లు కొడితేనే సిమెంటు పట్టు దొరుకుతుంది. ఇక్కడ ఒక్క గాటూ లేదు.

మేస్త్రీ సింహాచలాన్ని పిలిపించాను. ముప్పై ఏళ్ళ పనివాడు. తల వంచుకుని "మరిసిపోనాను బాబూ" అన్నాడు. మూడు గోడలకు గుర్తున్నది నాలుగో గోడకు ఎలా మరిచావయ్యా అంటే "వయసొచ్చీసినాది" అన్నాడు. గాట్లు కొట్టి మళ్ళీ వేయమని చెప్పి వచ్చాను. పది రోజులకు ఫోను. మళ్ళీ రాలాయి, మళ్ళీ గాట్లు లేవు, మళ్ళీ మరిచిపోయాడు. మూడోసారీ ఇదే వరస. నా బీపీ మాత్రలకు ఆ గోడే శంకుస్థాపన చేసింది.

'పనితనం లోపం' అని నేను రాస్తే డీలరు తన మేస్త్రీల జాబితాలోంచి సింహాచలం పేరు కొట్టేస్తాడు. ఆ చుట్టుపక్కల ఇక అతనికి టైల్సు పని దొరకదు. ఆ సంగతి అతనికే చెప్పాను. "రాసీండి బాబూ, నానేటి సేసేది" అన్నాడు. నా సర్వీసులో నన్ను తిట్టినవాళ్ళున్నారు, బతిమాలినవాళ్ళున్నారు. నేరాన్ని ఇంత శ్రద్ధగా ఒప్పుకున్నవాణ్ణి మాత్రం చూడలేదు.

ఒళ్ళు మండి, అతని ఉలీ సుత్తీ లాక్కుని నేనే గోడ మీద ఒక్క దెబ్బ వేశాను. వంటింట్లోంచి అప్పలనరసమ్మ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "ఓలమ్మో, ఆపు బాబూ ఆపు! అవతల అమ్మోరున్నాది!"

అవతలి గదిలోకి వెళ్ళి చూశాను. సరిగ్గా షవరు వెనకే, గోడకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టిన ఇంటి అమ్మవారు. తాతలనాటి మట్టిగోడ. నా ఒక్క దెబ్బకే చిటికెడు పసుపు రాలి కింద పడింది. ఇవతల పశువుల సాల ఉన్నన్నాళ్ళూ బాధ లేదు. సత్తిబాబు దాన్నే బాత్రూంగా మార్చాడు. ఈ గోడ మీద ఉలి పెట్టనని, పెట్టొద్దన్న మాట ఎవరికీ చెప్పనని సింహాచలం చేత అప్పలనరసమ్మ ముందే ఒట్టు వేయించుకుందట.

"నాకు సెప్పొచ్చు కదే అమ్మా!" అని అరిచాడు సత్తిబాబు.

"నీకు సెప్తే నాను ఊల్లో లేనప్పుడు సూసి కొట్టించీవోడివి కాదేటి?"

సత్తిబాబు మేస్త్రీ మీద పడ్డాడు. "మరి నీకేటొచ్చింది మావా? మూడుసార్లు రాలిపోతే నోరిప్పవా?"

"మీయమ్మకి మాటిచ్చినాను గదరా. టైల్సయితే మల్లీ ఎయ్యొచ్చు" అన్నాడు సింహాచలం.

పరిష్కారం అరగంటలో తేలింది. అమ్మవారి గోడకు తగలకుండా రెండు వేళ్ళ ఎడంగా సన్నటి ఇటుక గోడ లేపి, దాని మీద టైల్సు వేయడం. సింహాచలమే కట్టాడు. ఆరాక బిళ్ళతో కొట్టి చూస్తే ప్రతి టైలూ టక్కుమంది. బాత్రూం జానెడు తగ్గింది. సత్తిబాబుది భారీ విగ్రహం కాబట్టి ఆ రోజు నుంచి ఒకవైపు తడిశాక బయటికొచ్చి, తిరిగి, రెండోవైపు తడుపుకోవలసి వచ్చేది.

రిపోర్టులో 'పనితనంలో లోపం లేదు. గోడకు గాట్లు కొట్టే వీలు లేకపోయింది' అని రాశాను. వీలు లేకపోవడమేమిటని ఏరియా మేనేజరు ఫోను చేశారు. స్వయంగా వచ్చి చూడమన్నాను. ఆ ఎండలో, బస్సులో గజపతినగరమా అనుకున్నారేమో, సంతకం పెట్టేశారు. సింహాచలం పేరు జాబితాలోనే ఉండిపోయింది.

టైలు వెనక సిమెంటు చూడటం నాకు కంపెనీ నేర్పింది. సిమెంటు వెనక గోడ చూడటం అనుభవం నేర్పింది. ఆ తర్వాత స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా ఏ ఇంటికి వెళ్ళినా, ఈ గోడకు అవతల ఏముందని ఇంట్లో పెద్దావిడను ముందు అడిగేవాణ్ణి. జవాబు వచ్చాకే సంచీ విప్పేవాణ్ణి.