పట్టి చూసిన మెతుకు

పరదేశంలో నాకు గది దొరికిన రోజు ఏడుపొచ్చింది. సంతోషంతో కాదు. ఆఫీసువాళ్లు ఇచ్చిన హాస్టలు గడువు మర్నాటితో సరి. గది లేకపోతే ఉద్యోగం వదిలేసి, మా ఊరు తుడియలూరులో నాన్న పంపుల వర్క్‌షాపు ముందు దిగడమే. ఇంటి యజమానురాలు, ఒంటరి ముసలావిడ, వంటింటి గుమ్మంలో నిలబడి ఒకే షరతు పెట్టింది: పొయ్యి వెలిగించకూడదు. అంతకుముందున్న పిల్ల, మన దేశపు పిల్లే, తాలింపులు పెట్టి గోడలకు నూనె, పసుపు పట్టించి చెప్పాపెట్టకుండా వెళ్లిపోయిందట. "మీవాళ్లంతా అంతే" అంది. కోపంగా కూడా కాదు, బయట వాన పడుతోందని చెప్పినట్టు చెప్పింది.

దానికి ముందు మనవాళ్లనీ అడిగి చూశాను. మా ఇళ్లలోది తరతరాలుగా తమిళంలో నానిన తెలుగు. అది వినగానే ఒక తెలుగావిడ, "మీరు అరవవాళ్లు కదా, మాతో కలవరు" అంది. ఇంట్లో తెలుగు మాట్లాడతామని తెలిసిన తమిళాయన, గది ఇంకెవరికో ఇచ్చేశానన్నాడు. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అది నేనే. షరతుకు ఒప్పుకున్నాను.

చల్లటి బ్రెడ్డు నములుతుంటే అన్నూరులో మా అవ్వ గుర్తొచ్చేది. కుండలోంచి ఒక మెతుకు తీసి, వేళ్లతో నొక్కి, అన్నం ఉడికిందని చెప్పేది. మనుషుల్నీ అలాగే చూసేది. ఏదో ఊరివాడు మా బావి మోటారు బాగుచేస్తానని కాల్చిపెట్టి పోయాడు. ఇక ఆ ఊరి పిల్లను మా ఇంటికి కోడలిగా రానివ్వలేదు. "ఒక మెతుకు పట్టి సూస్తే సాలదా?" అనేది. కుండలో అన్నమంతా ఒకే ఎసట్లో ఉడుకుతుంది, మనుషులు అలా ఉడకరు కదా అని ఆమెను అడిగినవాళ్లు లేరు. కొత్తగా దేశం దాటేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. మీరు దిగకముందే అక్కడ ఎవరో ఒక మెతుకు పట్టి చూసి ఉంటారు. తరువాతి మెతుకు మీరు.

అమ్మ ఫోన్ చేసేది. ముద్దొస్తే నన్ను కన్ను అని పిలుస్తుంది. "ఏమి తింటివి కన్ను?"

"చోరు, సాంబారు" అని, వేడి అన్నం తిన్నట్టే అబద్ధమాడేదాన్ని.

"పద్రంగా ఉండు. నిన్ను సూసి మనవాండ్లందరినీ అట్లే అని సెప్పుతారు."

ఆ మాట నా మెడకు రాయి కట్టింది. చలికాలమంతా బ్రెడ్డు, పాలు, అరటిపండు. బయట కొనుక్కు తినాలంటే అద్దె పోగా జీతం మిగిలేది కాదు. చేతి గాజులు జారిపోయేవి. వేడి అన్నం కోసం ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ముసలావిడ మాత్రం రోజురోజుకీ నాతో మెత్తబడింది. ఇంటికొచ్చినవాళ్లకు నన్ను చూపించి మెచ్చుకునేది.

ఒకరోజు పక్కగది చూడటానికి ఒక అమ్మాయి వచ్చింది. పెరియకుళం పిల్ల, మా తెలుగే. భుజాన సంచి, అందులోంచి మామిడికాయ ఊరగాయ వాసన. ముసలావిడ ఆమెకు నన్ను చూపించి గర్వంగా అంది: "మీవాళ్లకు వంటే అక్కర్లేదు. బ్రెడ్డు, పాలు చాలు."

నా ఆకలి మా అందరి గుణమైపోయింది.

"అక్కా, నిజంగానేనా?" ఆ పిల్ల గొంతు తగ్గించి అడిగింది. "ఒక పిడి చోరు కూడా వండుకోరా?"

నోరు విప్పితే గది పోతుందని తెలుసు. అయినా ముసలావిడ వైపు తిరిగి, ఆమె భాషలోనే చెప్పాను. "నాకు ఆకలిగా ఉంది. వచ్చినప్పటినుంచీ ఆకలిగానే ఉంది."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. మొదటిసారి నన్ను, నన్నొక్కదాన్నే చూస్తోందని ఆశపడ్డాను.

"నెలాఖరుకు ఖాళీ చెయ్యి" అంది. తరువాత ఆ పిల్ల వైపు తిరిగి, "మీవాళ్లకు ఎంత చేసినా తృప్తి ఉండదు" అంది.

ఆ పిల్ల ఇంకా భుజం మీది సంచి కూడా దించలేదు.