మొదటి గిన్నెలో గులకరాళ్లు

ఆ పేటలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ రేడియో అక్కే. పగలంతా బట్టల దుకాణంలో కొలతలు తీసుకునేది. సాయంత్రం మేడ మీది గదిలో, గోడలకు పాత దుప్పట్లు వేలాడదీసి చేసుకున్న స్టూడియోలో అరగంట మాట్లాడేది. విషయం ఒక్కటే, పెళ్లాల మీద చెయ్యి చేసుకునే మగవాళ్లు. ఏళ్ల తరబడి మొత్తుకున్నా సొంత చెల్లెలి మొగుడి చెయ్యే ఆగలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈవిడకి ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ముద్ద దిగేది కాదు.

ఈ రేడియో కార్యక్రమానికి డబ్బిచ్చే సంస్థ నుంచి ఏటా ఎవరో వచ్చి, ఏవో ప్రశ్నలడిగి, సగం జవాబులు తామే ఊహించుకుని పోయేవారు. ఈసారి అక్క పట్టుబట్టింది. దీనివల్ల ఏమైనా మారిందో లేదో, ఎవరి కోసం మాట్లాడుతున్నామో వాళ్లే తేల్చాలని ఆ సంస్థ ఆఫీసరుతో పోట్లాడి ఒప్పించింది. ప్రశ్న కూడా ఆడవాళ్లే కూర్చుని తయారుచేశారు: ఈ కార్యక్రమం వచ్చాక మీ ఇంట్లో దెబ్బలు ఆగాయా? తెర వెనక మూడు గిన్నెలు పెట్టారు. ఆగాయి, తగ్గాయి, ఏమీ మారలేదు. ఒక్కొక్కరూ వెళ్లి ఒక గులకరాయి వేసి రావాలి.

తెర తీస్తే రాళ్లన్నీ మొదటి గిన్నెలోనే ఉన్నాయి.

ఆఫీసరు ముఖం చేటంత అయింది. అక్కకి ఒళ్లు మండిపోయింది. చెల్లెలి మోచేతి మీద కమిలిన మచ్చ ఇంకా నల్లగానే ఉంది. ఆ చేత్తోనే రాయి వేసొచ్చింది మహాతల్లి. ఇది నిజం కాదని అక్క ఎంత చెప్పినా ఆఫీసరు వినలేదు.

"వాళ్ల మాటే చివరి మాట అని మీరే కదండీ అన్నారు" అన్నాడు నవ్వుతూ.

ఆ కోపంతో అక్క చెల్లెలి గడప తొక్కడం మానేసింది. నెల తిరక్కుండా కబురొచ్చింది. ఇక్కడ పని పూర్తయింది కాబట్టి కార్యక్రమాన్ని అవసరమున్న మరో చోటికి మారుస్తారట. ఆ రోజు నుంచే ఆపేశారు. అక్క తిన్నగా చెల్లెలింటికి వెళ్లి నిలదీసింది.

అప్పుడు బయటపడింది సంగతి. ముందు రోజు కుళాయి దగ్గర అందరూ కూడబలుక్కున్నారు. మారలేదంటే అక్కకి చేతకాలేదని తీసేస్తారు, పాపం, మన కోసం ఇంత పాటుపడింది, ఎవరూ నోరు జారొద్దని. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

"నా కొలువు సంగతి మీకెందుకే?" అని విసుక్కుంది అక్క. "నిజం చెబుతారనే కదా తెర కట్టించాను. మీ ఆయన మారలేదని ఒక్క రాయి వేస్తే నీ సొమ్మేం పోయింది?"

చెల్లెలు తోముతున్న గిన్నె కింద పెట్టింది.

"మారలేదక్కా. కానీ నువ్వు మాట్లాడేంతసేపూ చెయ్యెత్తడు. వదిన ఇంట్లోనే ఉన్నట్టుందని గొణుక్కుంటూ మూల కూర్చుంటాడు. పిల్లలకి ఆ వేళలోనే అన్నం పెట్టేదాన్ని. దాన్ని ఏ గిన్నెలో వెయ్యాలో నాకు తెలియలేదు."

అలాంటి అరగంటకి గిన్నె పెట్టాలని ఎవరికీ తోచలేదు, తనకి కూడా.

రోజూ కార్యక్రమం వచ్చే వేళయింది. చెల్లెలు అలవాటుగా రేడియో పెట్టింది. అందులో ఎవరో వాతావరణం చెబుతున్నారు. పిల్లలు కంచాలు తెచ్చుకుని కూర్చున్నారు. బయట అతని చెప్పుల చప్పుడు వినిపించింది.

అక్క రేడియో కట్టేసి, గుమ్మానికి ఎదురుగా కుర్చీ జరుపుకుని, గొంతు సవరించుకుంది.