చెవుల మేడమ్ సెలవు చీటీ

బడిలో పిల్లలు ఆమెకు పెట్టిన పేరు చెవుల మేడమ్. పన్నెండేళ్లుగా పిల్లల గోడు వినడమే కౌన్సిలర్‌గా ఆమె ఉద్యోగం. తొమ్మిది వందల మంది పిల్లలు, రెండే చెవులు.

సోమవారం ఓ అమ్మాయి ముక్కు చీదుతూ ఏదో చెప్పింది. మేడమ్ తల ఊపి, "ఊఁ... మరి మార్కులెన్నొచ్చాయమ్మా?" అంది.

"మా అమ్మమ్మ పోయిందని చెప్తున్నా మేడమ్."

మేడమ్ లెంపలేసుకుని మళ్లీ విన్నది. కానీ ఆ పిల్ల ఈసారి సగమే చెప్పింది.

మర్నాడు సిబ్బందికి, తమ ఒత్తిడికి తామే మార్కులేసుకునే ఫారాలు వచ్చాయి. ముప్పై దాటితే కౌన్సిలర్‌ని కలవాలి. టీచర్లంతా బుద్ధిగా ఇరవై ఎనిమిది దగ్గర ఆగారు. మేడమ్‌కు నలభై నాలుగు వచ్చింది.

"రూలు ప్రకారం మీరు కౌన్సిలర్‌ని కలవాలి," అన్నాడు ప్రిన్సిపాల్.

"నేనే కద సార్ కౌన్సిలర్‌ని."

"మరీ మంచిది. అపాయింట్‌మెంట్ బాధ లేదు."

ఆమె తన గది తలుపేసుకుని, తనతో తాను అరగంట కూర్చుని, ఫారంలో 'కౌన్సిలర్ సలహా' అన్నచోట రెండు వారాలు సెలవని రాసి సంతకం పెట్టింది.

ప్రిన్సిపాల్ మొహం మాడిపోయింది. "సలహా అంటే ఊపిరి గట్టిగా పీల్చమనో, పొద్దున్నే నడవమనో రాయాలమ్మా!"

"అవీ చెప్పి చూశాను సార్. నా మాట నేను వినలేదు."

"ఆ నలభై నాలుగుని ఇరవై నాలుగు చేసెయ్యండి. గీత కొట్టేస్తే పోలా?"

"అమ్మమ్మ పోయిందని ఏడ్చే పిల్లని మార్కులడిగాను సార్. రేపు ఏ పిల్లయినా చచ్చిపోవాలనుందంటే, హోంవర్క్ అయిందా అంటానేమో."

ప్రిన్సిపాల్ పెన్ను తీశాడు. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది, బేరమాడి వారమే ఇచ్చాడు.

మూడు రోజులు మేడమ్ మొద్దులా నిద్రపోయింది. నాలుగో రోజు పొద్దున మొగుడు బూట్లకు పాలిష్ పెట్టుకుంటూ, ఆఫీసులో కిటికీ పక్క కుర్చీ కోసం జరుగుతున్న యుద్ధం గురించి, ఎప్పటిలాగే, గోడకు చెప్పినట్టు చెప్పుకుపోతున్నాడు.

"ఇంతకీ ఆ కుర్చీ ఎవరికి దక్కిందండీ?" అంది మేడమ్.

అతని చేతిలో బ్రష్ ఆగిపోయింది. "ఏంటి, వింటున్నావా?"

"ఆఁ. చెప్పండి."

"అయితే ఆగు," అంటూ అతను బూటు పక్కన పెట్టాడు. "మొదట్నుంచీ చెప్తా. ఇన్నాళ్లూ సగం ఎగ్గొట్టి చెప్తున్నా."